ఉద్యోగం మానకుండా ఫార్మసీలో పై చదువు ఎలా? శ్రీకాకుళం, విజయనగరం ఫార్మసిస్టుల కోసం

"అన్నా, షాపులో చేస్తూనే పార్ట్ టైమ్‌లో ఎం.ఫార్మసీ చేయొచ్చా?" ఆమదాలవలస నుంచి ఇదే ప్రశ్న, చీపురుపల్లి నుంచి ఇదే ప్రశ్న. పైడిభీమవరం కంపెనీల్లో నైట్ షిఫ్ట్ దిగి రూముకొచ్చినవాళ్లదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు సూటి జవాబు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) నిబంధనల్లో ఎం.ఫార్మసీ అంటే నాలుగు సెమిస్టర్ల రెగ్యులర్ కోర్సు. దాన్ని దూరవిద్యలో ఇవ్వడానికి వీల్లేదని యూజీసీ నిబంధనలు కూడా చెబుతున్నాయి. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించేవి బ్రిటన్ పేజీలు. అక్కడ కొత్తగా రిజిస్టరైన ఫార్మసిస్టులు ఆసుపత్రిలో పనిచేస్తూనే పార్ట్ టైమ్‌లో క్లినికల్ డిప్లొమా చేస్తారు, చదువుకోవడానికి డ్యూటీలోంచే కొంత సమయం ఇస్తారు. ఆ పేజీలు చూసి మన దగ్గర కూడా అలాంటిదే ఏదో ఉండి ఉంటుందని చాలామంది వెతుకుతూ ఉంటారు. రెడీమేడ్‌గా అలాంటిది లేదు. మూడు ముక్కలు మనమే కలుపుకోవాలి: గుర్తింపు ఉన్న ఒక చిన్న కోర్సు, పనిచేసే చోటే రాసుకునే కేసు నోటుబుక్కు, మన పని చూసి తప్పు చెప్పే ఒక పెద్దమనిషి. ఈ మూడింట్లో ఎక్కువమంది కోర్సు ఒక్కటే పట్టుకుని మిగతా రెండూ వదిలేస్తారు. నా లెక్కలో మాత్రం అసలు చదువు నోటుబుక్కులోనే ఉంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఏపీ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, రెన్యువల్ గడువు తేదీతో సహా. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ వరకు అన్ని సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు. ఆధార్, డిజీలాకర్ ఖాతా, ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు). 200 పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి. ఫోన్ ఒక్కటే ఉన్నా వీడియో పాఠాలు నడిచిపోతాయి కానీ, అసైన్‌మెంట్లకు లాప్‌టాప్ ఉంటే తేలిక. లేకపోతే గడువు ముందు రోజుల్లో నెట్ సెంటర్‌కు వెళ్లినా పని జరుగుతుంది. వీటికి తోడు వారానికి ఐదారు గంటలు కావాలి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

1. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి

డి.ఫార్మసీ మాత్రమే చేసినవాళ్లకు పీజీ కోర్సులు దాదాపుగా అందవు, వాటికి డిగ్రీ ఉండాలి. మీ దారి ఏపీ ఈసెట్ రాసి బి.ఫార్మసీ రెండో ఏడాదిలో చేరడం. అదీ రెగ్యులరే. అప్పటిదాకా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఈ వ్యాసంలోని 3, 6, 7 అంచెలు డిప్లొమావాళ్లకూ పనికొస్తాయి.

బి.ఫార్మసీ చేసినవాళ్లకు పీజీ డిప్లొమాలు, ఆన్‌లైన్ కోర్సులు అన్నీ తెరిచే ఉన్నాయి. ఫార్మ్.డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చేయాలనుకుంటే పోస్ట్ బాకలారియేట్ (డిగ్రీ తర్వాత చేరే) దారి ఉంది, మూడేళ్లు పడుతుంది. అది కూడా ఫుల్ టైమే.

ఇక్కడే పేర్ల గొడవ కూడా తేల్చుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో చివరన ఉండటం మన దగ్గర మామూలే. ఇప్పుడు దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ డిగ్రీలో గానీ చేరాలంటే యూజీసీ డెబ్ ఐడీ (దూరవిద్య బ్యూరో విద్యార్థి నంబరు) కావాలి, దానికి ఏబీసీ ఐడీ కావాలి, అది ఆధార్ పేరుతో తయారవుతుంది. అడ్మిషన్ ఆఖరి రోజు ఇవి తన్నుకుంటే ఎవరూ ఏమీ చేయలేరు. దరఖాస్తుకు రెండు నెలల ముందే సరిచేయించుకోండి.

2. ఎక్కడికి వెళ్లాలో ఒక్క వాక్యంలో రాయండి

"మంచి ఉద్యోగం కోసం" అని రాస్తే లాభం లేదు. "రెండేళ్లలో ఆసుపత్రి ఫార్మసీలోకి మారాలి" అనో, "షాపు నేనే పెట్టుకోవాలి, బీపీ, షుగర్ వాళ్లు నన్ను వెతుక్కుంటూ రావాలి" అనో, "ప్రొడక్షన్ నుంచి క్వాలిటీ అష్యూరెన్స్‌కు మారాలి" అనో రాయండి. కోర్సు ఏదో ఆ వాక్యమే చెబుతుంది.

ఆసుపత్రి వైపు వెళ్లేవాళ్లకు ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల మీద నిఘా), క్లినికల్ రీసెర్చ్ మౌలికాంశాలు, యాంటీబయాటిక్ వాడకం పనికొస్తాయి. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత బోర్డు) గుర్తింపు కావాలనుకునే ప్రైవేటు ఆసుపత్రులకు మందుల నిర్వహణ మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయమే పాటించాల్సి ఉంటుంది. ఆ రికార్డులు రాయగలిగిన ఫార్మసిస్టుకు అక్కడ గిరాకీ ఉంటుంది. కంపెనీలో ఉన్నవాళ్లు 2023 డిసెంబర్ చివర్లో నోటిఫై అయిన కొత్త షెడ్యూల్ ఎం (మందుల తయారీ ప్రమాణాల నిబంధనలు) చదవకుండా ఏ కోర్సుకూ డబ్బు కట్టకండి. సగం ఇంటర్వ్యూ దాంట్లోంచే వస్తుంది, పైగా ఉచితం. పేటెంట్ల వైపు మనసున్నవాళ్లకు ఇగ్నోలో మేధో హక్కుల పీజీ డిప్లొమా, హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో దూరవిద్య పేటెంట్ లా డిప్లొమా ఉన్నాయి. కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే మాత్రం చిన్న కోర్సులతో కుదరదు, ఎం.ఫార్మసీ చేయాల్సిందే. దాని సంగతి 9లో చెబుతాను.

3. కోర్సు నిజమైనదో కాదో తేల్చుకోండి

మోసపోయేది ఎక్కువగా ఇక్కడే, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి.

మొదట, ప్రకటనలో "దూరవిద్య ఎం.ఫార్మ్", "వీకెండ్ బి.ఫార్మ్", "ఒక్క ఏడాదిలో డిగ్రీ" అని కనిపిస్తే ఫోన్ నంబరు కూడా రాసుకోకండి. ఆ కాగితంతో కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు, ఉద్యోగంలో చెల్లదు.

రెండోది, రెగ్యులర్ ఫార్మసీ కోర్సు ఏదైనా పీసీఐ వెబ్‌సైటులో ఆమోదం పొందిన కాలేజీల జాబితా ఉంటుంది. కాలేజీ పేరు ఉంటే చాలదు. ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం కూడా ఉన్నాయో చూడండి. బి.ఫార్మసీకి ఆమోదం ఉన్న కాలేజీకి ఎం.ఫార్మసీలో మీరు కోరుకునే బ్రాంచికి ఉండకపోవచ్చు.

మూడోది, దూరవిద్య పీజీ డిప్లొమా అయితే యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైటులో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, ఏ సెషన్‌కు అనుమతి ఉందో మూడూ చూడాలి. నిరుడు అనుమతి ఉన్నంత మాత్రాన ఈ ఏడు ఉంటుందని లేదు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి.

నాలుగోది, ప్రైవేటు అకాడమీలు అమ్మే "అడ్వాన్స్‌డ్ పీజీ డిప్లొమా"లు. కొన్నింట్లో పాఠాలు బాగానే ఉంటాయి, కాదనను. కానీ అది యూనివర్సిటీ డిప్లొమా కాదు. "సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది? ఏ యూనివర్సిటీ పేరుంటుంది?" అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అంటే, ఇంతకుముందు ఉద్యోగం వచ్చినవాళ్లు ఇద్దరితో మాట్లాడించమనండి. అక్కడితో చాలా ఫోన్లు ఆగిపోతాయి.

ఇంకో మాట. "కాలేజీలో పేరుంటుంది, హాజరు మేం చూసుకుంటాం, మీరు షాపులో చేసుకోండి" అని చెప్పేవాళ్లు కూడా తగులుతారు. పీసీఐ నిబంధనల్లో ప్రతి సబ్జెక్టుకూ థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా 80 శాతం హాజరు ఉండాలి. సెమిస్టర్‌కు 100 పనిదినాలు అనుకుంటే మీరు మానగలిగేది 20 రోజులే. మరోవైపు షాపు లైసెన్స్ మీద మీ పేరు ఉందంటే డాక్టరు చీటీ మీద మందులు మీ పర్యవేక్షణలోనే ఇస్తున్నారని అర్థం. ఒకే మనిషి పదకొండు గంటలకు కాలేజీ ల్యాబ్‌లోనూ కౌంటర్‌లోనూ ఉన్నట్టు రెండు రికార్డులు తయారైతే ఇబ్బంది కాలేజీకో ఓనర్‌కో రాదు, మీ రిజిస్ట్రేషన్‌కు వస్తుంది. సర్టిఫికెట్ అద్దెకివ్వడం కూడా ఇదే బాపతు.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా: డబ్బు పెట్టే డిప్లొమాకు ముందు స్వయం, ఎన్‌పీటెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికల్లో ఒక కోర్సు పూర్తిచేసి చూడండి. చేరడం ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలి, అది వెయ్యి రూపాయల స్థాయిలో ఉంటుంది. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆరోగ్య పరిశోధన మౌలికాంశాల కోర్సు, క్లినికల్ ట్రయల్స్ నియంత్రణ మీద ఉన్న కోర్సు ఫార్మసిస్టులకు బాగా సరిపోతాయి. ఫార్మకోవిజిలెన్స్ కోసం స్వీడన్‌లోని ఉప్సలా మానిటరింగ్ సెంటర్ ఉచిత ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కూడా స్వల్పకాలిక నైపుణ్య శిక్షణ నడుపుతుంది. వీటిలో ఒకటి చివరిదాకా లాగగలిగితే అప్పుడు ఇగ్నో లాంటి చోట ఏడాది డిప్లొమా గురించి ఆలోచించండి. ఇగ్నో రీజనల్ సెంటర్ మనకు విశాఖపట్నంలోనే ఉంది. ఆసుపత్రి నిర్వహణ లాంటి డిప్లొమాలకు అనుభవం షరతు ఉంటుంది కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ సెషన్ ప్రాస్పెక్టస్‌లో అర్హత లైను చదవండి.

4. పనిచేసే చోట మాట్లాడండి

చాటుగా చదవాలని చూడకండి. పరీక్ష రోజు సెలవు దగ్గర ఎలాగూ బయటపడుతుంది. షాపు అయితే ఓనర్‌తో, ఆసుపత్రి అయితే చీఫ్ ఫార్మసిస్టుతో, కంపెనీ అయితే షిఫ్ట్ ఇన్‌చార్జితో మాట్లాడాలి. అడిగేది చిన్నగా, కచ్చితంగా ఉండాలి:

"సార్, జీతం సంగతి కాదు. మూడు నెలల కోర్సు ఒకటి చేస్తున్నాను. ఆదివారం సాయంత్రం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు రెండు గంటలు ముందు వెళ్తాను. పరీక్ష ఒక రోజు, ఆ తేదీ నెల ముందే చెబుతాను. బదులుగా హెచ్1 రిజిస్టరు, ఎక్స్‌పైరీ లిస్టు నేను చూసుకుంటాను."

ఆ చివరి వాక్యం ముఖ్యం. (హెచ్1 రిజిస్టరు అంటే షెడ్యూల్ హెచ్1 మందుల అమ్మకాలు రాసే పుస్తకం.) షాపు నడిపేవారికి మీ సర్టిఫికెట్‌తో పనిలేదు, తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు సరిగ్గా ఉండటంతో పని ఉంది.

కుదరదంటే? గొడవ పడొద్దు. రోజువారీ వీడియోలున్న కోర్సు బదులు మీ వేగంలో చేసుకునే కోర్సుకు మారండి. ఉప్సలా పాఠాలు అలాంటివే.

5. వారం లెక్క వేసుకోండి

రోజూ రెండు గంటలు అని రాసుకున్న టైంటేబుల్ పదో రోజుకు చిరిగిపోతుంది. రాత్రి పదింటికి షట్టర్ దించేవాడు పదకొండుకు ఫార్మకోకైనటిక్స్ చదవలేడు. ఉదయం షాపు తీయకముందు అరగంట చొప్పున నాలుగు రోజులు, సెలవు పూట మూడు గంటలు. ఇంతకు మించి పెట్టుకోకండి. షిఫ్టుల్లో ఉన్నవాళ్లు నైట్ షిఫ్ట్ వారంలో కొత్త పాఠం ముట్టుకోకుండా పాతవి తిరగేస్తే చాలు.

విశాఖ వెళ్లాల్సిన కోర్సు అయితే ప్రయాణాన్ని కూడా లెక్కలో వేయండి. విజయనగరం నుంచి రైల్లో గంట అటూఇటూ. శ్రీకాకుళం నుంచి బస్సులో రెండు గంటలకు పైమాటే, రాను పోను రోజు మొత్తం పోతుంది. అందుకే శ్రీకాకుళం వైపు వాళ్లు వారం వారం తరగతులున్నదాని జోలికి వెళ్లకుండా, పరీక్షకు మాత్రమే వెళ్లే కోర్సు ఎంచుకోవడం మంచిది. వీడియోలు ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, దారంతా సిగ్నల్ ఒకేలా ఉండదు.

పండగలు కూడా చూసుకోవాలి. సిరిమాను వారం విజయనగరంలోనూ, రథసప్తమికి శ్రీకాకుళంలోనూ ఊళ్లోకి బంధువులొస్తారు, షాపులో రద్దీ ఉంటుంది. ఆ వారం అసైన్‌మెంట్ ముందే పూర్తిచేసి పెట్టండి. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సుల్లో మంచి మార్కులొచ్చిన ఎనిమిది అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి ఒకటి రెండు తప్పినా టెన్షన్ పడక్కర్లేదు. నాలుగు దాటితే మాత్రం దెబ్బే.

6. కేసు నోటుబుక్కు

రోజుకు ఒక్క కేసు చాలు. అన్నీ రాయాలని చూస్తే మూడో రోజే మానేస్తారు. ఏ కేసు రాయాలి? మీకు జవాబు తెలియనిది. బీపీ బిళ్ల ఇచ్చాను, తీసుకెళ్లారు అన్నది కేసు కాదు.

ఒక పేజీ ఎలా ఉండాలో చూడండి. ఉద్దానం నుంచి, కవిటి వైపు అనుకోండి, 52 ఏళ్ల కొబ్బరి రైతు వచ్చాడు. సంచిలోంచి పాత చీటీ తీశాడు. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బీపీ బిళ్ల వాడుతున్నాడు. "మోకాళ్లు పీకేస్తున్నాయి బాబూ, ఆ డైక్లో బిళ్లలు పది ఇయ్యి" అన్నాడు.

పేజీలో ఇలా రాయాలి:

వయసు, లింగం, ప్రాంతం (పేరు, ఫోన్ నంబరు రాయొద్దు).
వాడుతున్నవి: టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్.
అడిగింది: డైక్లోఫెనాక్, చీటీ లేదు.
నా ప్రశ్న: ఈ మూడూ కలిస్తే కిడ్నీకి ఏమవుతుంది?
ఎక్కడ చూశాను: నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా, మందుతో వచ్చే కరపత్రం.
ఏం తెలిసింది: సార్టాన్, మూత్రం ఎక్కువ పోయించే మందు, నొప్పి బిళ్ల మూడూ కిడ్నీలోని రక్తప్రసరణను, వడపోతను మూడు వైపుల నుంచి తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం ఇంకా ఎక్కువ.
ఏం చేశాను: డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వలేదు. ఆఖరిసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చూపించుకున్నారని అడిగాను. చూపించుకోలేదన్నాడు. డాక్టర్ దగ్గరికి పంపాను, చీటీ మీద ఉన్న మందుల పేర్లు ఆయనకు చూపించమన్నాను.
తర్వాత ఏమైంది: ఖాళీగా వదలండి. ఆయన మళ్లీ వచ్చినప్పుడు అడిగి రాయండి.

దీంట్లో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. "నొప్పి బిళ్లల వల్లే మీకిది వచ్చింది" అని కౌంటర్‌లో అనకండి. దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి బిళ్లలు మరింత చేటు అన్నంత వరకే మాట్లాడండి. రెండోది, డాక్టరు రాసిన మందు మీరే ఆపించకండి. అనుమానం ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి, చేశామని పేజీలో రాయండి.

విజయనగరం వైపు కేసులు వేరుగా ఉంటాయి. సాలూరు, పార్వతీపురం దిక్కు నుంచి మలేరియా రోగులు వస్తారు. వైవాక్స్ రకం మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే మూడో రోజో నాలుగో రోజో ఆపేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అదే మందు రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లగా వస్తోందా అని ఎవరు అడగాలి? మీరే. ఈ ఒక్క మందు మీద నాలుగు పేజీలు రాయొచ్చు.

నెలకోసారి ఈ నోటుబుక్కును మీకంటే తెలిసినవారికి చూపించండి. మీ పాత కాలేజీ ఫార్మకాలజీ మేడమ్ కావచ్చు, ఆసుపత్రిలో ఫార్మ్.డి చేసిన సీనియర్ కావచ్చు, మీ షాపుకు చీటీలు వచ్చే డాక్టర్ కావచ్చు. "మేడమ్, పది నిమిషాలు చాలు, మూడు కేసులు తెచ్చాను" అని ముందే చెప్పి వెళ్తే కాదనేవాళ్లు తక్కువ. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. ఫార్మకాలజీ విభాగాలున్న చోట్లివి. అడగడానికి మొహమాటపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

7. మందు పడకపోవడాన్ని రిపోర్ట్ చేయడం నేర్చుకోండి

ఏ కోర్సు చేసినా చేయకపోయినా ఈ అంచె వదలొద్దు. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. అనుమానిత దుష్ప్రభావాల ఫారం ఎవరైనా ఫార్మసిస్టు నింపి పంపొచ్చు. మందు వల్లే జరిగిందని రుజువు ఉండాల్సిన పనిలేదు, అనుమానం చాలు.

ఫారంలో తప్పనిసరిగా ఉండాల్సినవి: రోగి పేరు పొట్టి అక్షరాలు, అప్పటి వయసు, ఏం జరిగింది, ఎప్పుడు మొదలైంది, అనుమానం ఉన్న మందు, రిపోర్ట్ చేసేవారి వివరాలు. చాలామంది "అలర్జీ" అని ఒక్క ముక్క రాసి పంపుతారు. ఒళ్లంతా దద్దుర్లా, పెదవులు వాచాయా, ఊపిరి ఆడలేదా? అది రాయాలి. బ్యాచ్ నంబరు కూడా రాస్తే మంచిది, షాపులో ఉన్న మనకు అది చేతిలోనే ఉంటుంది. ఎలా పంపాలో తెలియకపోతే టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఏడీఆర్ (మందుల దుష్ప్రభావాల) మానిటరింగ్ సెంటర్ ఉంటే నేరుగా అక్కడ ఇవ్వొచ్చు. పంపిన ప్రతి ఫారం కాపీ నోటుబుక్కులో అంటించండి. ఇంటర్వ్యూలో పది సర్టిఫికెట్ల కన్నా ఈ మూడు నాలుగు ఫారాల మీదే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి, వాటికి జవాబు చెప్పగలిగేది మీరే.

8. పరీక్ష, ఆ తర్వాత

ఎన్‌పీటెల్ పరీక్ష ఇంట్లో రాసేది కాదు, సెంటర్‌కు వెళ్లాలి. రిజిస్ట్రేషన్‌లో నగరాల జాబితా వస్తుంది. మీ ఊరు కనిపించకపోతే విశాఖ పెట్టుకోండి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. రెండింట్లోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి: 25కు 10, 75కు 30. అసైన్‌మెంట్లు నెట్‌లో జవాబులు చూసి 25కు 25 తెచ్చుకుని పరీక్షలో బోల్తా పడేవాళ్లు కొల్లలు.

ఇగ్నో అయితే అసైన్‌మెంట్లు గడువులోగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఏడాది డిప్లొమాకు సాధారణంగా మూడేళ్ల వరకు గడువు ఉంటుంది. అది చూసి ధీమాగా మొదటి ఏడాది వదిలేస్తే రెండో ఏడు ఎవరూ పట్టుకోలేరు.

కౌన్సిల్ రెన్యువల్ వేరే సంగతి. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులు, ఒక్కోటి ఒక రోజుకు తక్కువ కాకుండా హాజరు కావాలి. అవి పీసీఐ, రాష్ట్ర కౌన్సిల్, వృత్తి సంఘాలు నిర్వహించినవై ఉండాలి. ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ దానికి బదులు సరిపోతుందని మీరే అనుకోకండి. ఆ రెండు రిఫ్రెషర్ సర్టిఫికెట్లనూ వేరే ఫైల్‌లో పెట్టండి.

ఫలితం వచ్చిందా లేదా? ఇలా చూసుకోండి

మార్కులు పక్కన పెట్టండి. నోటుబుక్కులో మూడు నెలల కిందటి పేజీ తెరిచి, "ఏం చేశాను" అన్న లైను మూసేసి, ఇప్పుడైతే ఏం చేస్తారో చెప్పండి. జవాబు మారలేదంటే అప్పుడే బాగా తెలిసి ఉండాలి, లేదా ఈ మూడు నెలల్లో ఏమీ నేర్చుకోలేదు. ఏదో మీకే తెలుస్తుంది.

హెచ్1 రిజిస్టరులో కళ్లు మూసుకుని పది ఎంట్రీలు ఎంచుకోండి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం అన్నీ ఉన్నాయా? మూడేళ్ల పాత రిజిస్టరు అడిగితే తీయగలరా? కోర్సు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఇలా లెక్కపెడితే తేడా కనిపిస్తుంది.

ఇంకో పరీక్ష. మీ పక్క కౌంటర్ అబ్బాయికి, మెట్‌ఫార్మిన్ వాడే రోగికి కిడ్నీ వడపోత (ఈజీఎఫ్ఆర్) 30 కన్నా తగ్గితే ఆ మందు ఎందుకు పనికిరాదో తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పండి. మధ్యలో ఇంగ్లిష్ పుస్తకం వాక్యాలు దొర్లాయంటే మీకింకా అర్థం కాలేదు.

మళ్లీ మళ్లీ జరిగే తప్పులు

ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరడం. ఉచితం కదా అని చేరి ఒకటీ పూర్తిచేయరు. బయోడేటాలో "చేస్తున్నాను" అని నాలుగు ఉండటం కన్నా "చేశాను" అని ఒకటి ఉండటం మేలు.

స్నేహితుడు చేశాడని అదే కోర్సు చేయడం. అతను క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్నాడు, మీరు కౌంటర్‌లో ఉన్నారు.

నోటుబుక్కులో రోగి పేరు, చీటీ ఫొటో పెట్టుకోవడం, పైగా దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఏం చేయాలి?" అని అడగడం. అడగండి కానీ పేరు, ఆసుపత్రి, డాక్టరు పేరు తీసేసి అడగండి. మన ఊళ్లలో సగం వివరాలు చాలు, ఎవరో పట్టేస్తారు.

ఆధారంగా యూట్యూబ్ వీడియో రాసుకోవడం. వీడియో చూసి అర్థం చేసుకోండి, ఆధారం మాత్రం ఫార్ములరీయో, ప్రభుత్వ చికిత్సా మార్గదర్శకాలో అయి ఉండాలి.

9. ఇన్ని చెప్పినా ఎం.ఫార్మసీయే కావాలంటే

అప్పుడు ఉద్యోగం మానాల్సిందే, అందుకు డబ్బు లెక్క వేసుకోండి. జీప్యాట్ (ఎం.ఫార్మసీ జాతీయ ప్రవేశ పరీక్ష) రాయండి. 2024 నుంచి ఎన్‌బీఈఎంఎస్ (జాతీయ వైద్య పరీక్షల బోర్డు) నిర్వహిస్తోంది, 125 ప్రశ్నలు, తప్పు జవాబుకు మార్కు కోత ఉంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అర్హత సాధించి ఫుల్ టైమ్ ఎం.ఫార్మసీలో చేరినవాళ్లకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) నెలకు 12,400 రూపాయలు ఇస్తుంది. మీరు చేరే కాలేజీ ఆ పథకం కిందకు వస్తుందా అని చేరకముందే అడగండి. ఆ డబ్బు తీసుకుంటూ వేరే జీతం తీసుకోకూడదు. జీప్యాట్ రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్ ఉంది. ఉద్యోగంలో ఉండగానే జీప్యాట్ రాసి స్కోరు చేతిలో పెట్టుకుంటే మూడేళ్లలో ఎప్పుడు మానాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఇంటి ఖర్చులు మోసేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

ఫుల్ టైమ్ ఎం.ఫార్మసీ చేస్తూ పక్కన దూరవిద్యలో ఒక డిప్లొమా చేయొచ్చా? 2022లో యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య కలిపి చేయొచ్చు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉంటూ పీహెచ్‌డీ పార్ట్ టైమ్‌లో చేసే వీలు 2022 యూజీసీ నిబంధనల్లో ఉంది, పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ కావాలి. అంటే మొదట్లో అడిగిన పార్ట్ టైమ్ మాట ఎం.ఫార్మసీ దాటాకే నిజమవుతుందన్నమాట.

కాలేజీలో చేరే ముందు షాపు ఉద్యోగానికి రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వండి. ఆ కాపీని జిల్లా ఔషధ నియంత్రణ శాఖ ఆఫీసులో ఇచ్చి, లైసెన్స్ నుంచి మీ పేరు తీయమని రాసి, తేదీ ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. "కొత్తవాళ్లు దొరికేదాకా నీ పేరు ఉండనీ, నెలకింత ఇస్తా" అని ఓనర్ అంటారు. ఒప్పుకోకండి. రసీదు మీ చేతికొచ్చాకే కాలేజీ ఫీజు కట్టండి.